మొదటి 21 కిలోమీటర్ల రేసు: చివరిదాకా కుదేలవకుండా పరిగెత్తడం ఎలా

"ఆరు నెలలు పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేశానండీ. రేసు రోజు పదిహేనో కిలోమీటరు దగ్గర కాళ్లు మొరాయించాయి. ఎక్కడ తప్పు జరిగింది?"

ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అడిగినవాళ్లను నేను ఎదురు ఒక్కటే అడుగుతాను: మొదటి 5 కిలోమీటర్లు ఎంతలో పరిగెత్తారు? జవాబు దాదాపు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. "అవి బ్రహ్మాండంగా వెళ్లాయండీ, అనుకున్నదానికంటే మూడు నిమిషాలు ముందే ఉన్నాను." ఆ మూడు నిమిషాలే చివర్లో వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది.

నా మొదటి రేసులోనూ ఇదే జరిగింది. 2 గంటల 15 నిమిషాలు అనుకుని వెళ్లాను. జనం, చప్పట్లు, మైకులో అరుపులు చూసి ఊగిపోయి మొదటి 5 కిలోమీటర్లు 28 నిమిషాల 20 సెకన్లలో లాగించేశాను. చివరి 5 కిలోమీటర్లకు 41 నిమిషాలు పట్టింది, అందులో సగం నడకే. మొత్తం 2:22. మరుసటి ఏడాది దాదాపు అదే ప్రాక్టీస్‌తో, మొదట్లో పళ్ల బిగువున ఆగి పరిగెత్తితే 2:13 వచ్చింది.

ఇది ట్రైనింగ్ ప్లాన్ కాదు. ఇప్పటికే 10 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలిగి, ఈమధ్య కనీసం ఒకసారైనా 16 కిలోమీటర్ల లాంగ్ రన్ చేసినవాళ్ల కోసం రాస్తున్నాను. అంత దూరం ఎప్పుడూ వెళ్లకపోతే ఈసారికి 10 కిలోమీటర్ల రేసుకి పేరివ్వండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె సమస్యలు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

కావాల్సినవి

- గత రెండు నెలల్లో మీరు గట్టిగా పరిగెత్తిన ఒక 10 కిలోమీటర్ల టైమ్. ఊహించి చెప్పింది పనికిరాదు, పరిగెత్తి చూసింది కావాలి.
- కనీసం 50 కిలోమీటర్లు వాడిన షూస్, రెండు మూడు లాంగ్ రన్లలో వేసుకున్న సాక్స్, షార్ట్స్, టీషర్టు. రేసు కిట్‌లో ఇచ్చిన కొత్త టీషర్టు ఎంత బాగున్నా ఆ రోజు వేసుకోవద్దు, ఫొటోకి దాచుకోండి.
- బిబ్ (టీషర్టుకి పెట్టుకునే రేసు నంబరు కాగితం), నాలుగు సేఫ్టీ పిన్నులు.
- పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా.
- ముందే అలవాటు చేసుకున్న ఎనర్జీ జెల్స్ (పరిగెత్తేటప్పుడు మింగే తీపి గుజ్జు ప్యాకెట్లు) మూడు. రెండు వాడతారు, ఒకటి కింద పడితే ఉంటుంది.
- ల్యాప్ బటన్ (నొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా పట్టిన టైమ్‌ని విడిగా రాసుకునేది) ఉన్న ఏ వాచీ అయినా సరే. జీపీఎస్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.
- స్టార్ట్ దగ్గర చలికి వేసుకుని తర్వాత తీసేయడానికి ఒక పాత షర్టు. కాస్త టాయిలెట్ పేపర్. రెండోది తేలిగ్గా తీసుకోకండి.

1. టార్గెట్‌ని కాగితం మీద తేల్చుకోండి (రేసుకి మూడు వారాల ముందు)

దూరం పెరిగేకొద్దీ వేగం ఎంత తగ్గుతుందో అంచనా వేయడానికి రీగెల్ సూత్రం అని ఒకటి ఉంది. దాని ప్రకారం 10 కిలోమీటర్ల టైమ్‌ని సుమారు 2.2తో గుణిస్తే హాఫ్ మారథాన్ (మన 21 కిలోమీటర్ల రేసు, కచ్చితంగా చెప్పాలంటే 21.1) టైమ్ వస్తుంది. అది దూరానికి తగ్గ ప్రాక్టీస్ ఉన్నవాళ్ల లెక్క. మొదటిసారి పరిగెత్తేవాళ్లు 2.25తో గుణించుకోండి. నేను అందరికీ అదే చెబుతాను.

- 10 కి.మీ. 55 నిమిషాలైతే: 2:03:45, అంటే కిలోమీటరుకు 5:52
- 60 నిమిషాలైతే: 2:15:00, కిలోమీటరుకు 6:24
- 65 నిమిషాలైతే: 2:26:15, కిలోమీటరుకు 6:56
- 70 నిమిషాలైతే: 2:37:30, కిలోమీటరుకు 7:28
- 75 నిమిషాలైతే: 2:48:45, కిలోమీటరుకు 8:00

వారానికి మొత్తం 25 కిలోమీటర్ల కంటే తక్కువ పరిగెత్తుతుంటే దీనికి ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి. అలాగే మీ రేసు కటాఫ్ టైమ్ (రేసు పూర్తిచేయడానికి నిర్వాహకులు ఇచ్చే గడువు) ఎంతో చూసి, వచ్చిన అంకె దానిలోపలే ఉందో లేదో సరిచూసుకోండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ముందే గుండ్రంగా ఒక అంకె పట్టుకుని, దానికి తగ్గట్టు లెక్కను వంచడం. "రెండు గంటల లోపు" అనేది వినడానికి బాగుంటుంది. 60 నిమిషాల 10కె టైమ్‌తో అది జరగదు.

వేడి సంగతి కూడా ఈ లెక్కలోదే. ఆ పొద్దున ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటి, గాలిలో తేమ కూడా ఉంటే కిలోమీటరుకు 15, 20 సెకన్లు బయల్దేరకముందే వదులుకోండి. వదులుకోనివాళ్ల దగ్గర పదో కిలోమీటరు తర్వాత వాతావరణమే అంతకు రెట్టింపు లాక్కుంటుంది.

2. చివరి రెండు వారాలు తగ్గించండి

రేసుకి రెండు వారాల ముందు వారం మామూలుగా పరిగెత్తే దూరంలో మూడింట రెండొంతులు, చివరి వారం సగమో ఇంకా తక్కువో పరిగెత్తాలి. పరిగెత్తే రోజుల సంఖ్య పెద్దగా మార్చొద్దు, ఒక్కో రోజు దూరం తగ్గించండి. మధ్యలో ఒకటి రెండుసార్లు మీ రేస్ పేస్‌లో, అంటే పై లెక్కలో కిలోమీటరుకు వచ్చిన టైమ్‌లో, రెండు మూడు కిలోమీటర్లు పరిగెత్తితే కాళ్లకి ఆ వేగం గుర్తుంటుంది.

ఈ రోజుల్లో వింతగా ఉంటుంది. లేని నొప్పులు కనిపిస్తాయి, మోకాలు ఏదో చెబుతున్నట్టుంటుంది, "ఒక లాంగ్ రన్ మిస్సయ్యాను, రేపు కానిచ్చేద్దామా" అనిపిస్తుంది. వద్దు. చివరి పది రోజుల్లో చేసిన కష్టం రేసుకి ఉపయోగపడదు, అలసట మాత్రం మిగులుతుంది.

3. కడుపుకి కూడా రిహార్సల్ కావాలి

రెండు గంటలకు పైగా పరిగెత్తేటప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తుంటే ఒంట్లో ఇంధనం అడుగంటకుండా ఉంటుంది. మామూలు జెల్‌లో 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి. కాబట్టి మొదటిది 40 నుంచి 45 నిమిషాల దగ్గర, రెండోది గంటా ఇరవై నిమిషాల దగ్గర అనుకోండి. రెండున్నర గంటలు దాటేవాళ్లు మూడోది కూడా వాడొచ్చు.

దీన్ని కనీసం రెండు లాంగ్ రన్లలో చేసి చూడాలి. రోజూ ఇంట్లో కూర్చుని తిన్నప్పుడు ఏమీ అనని కడుపు పరిగెత్తేటప్పుడు తిరగబడుతుంది, ఎందుకంటే అప్పుడు రక్తం ఎక్కువగా కాళ్లకు పోతుంది. జెల్‌ని నీళ్లతోనే మింగాలి. నీళ్లు లేకుండా మింగినా, స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపి మింగినా చాలామందికి వికారం వస్తుంది. జెల్ అసలు పడనివాళ్లు గ్లూకోజ్ బిళ్లలు, మెత్తటి ఖర్జూరాలు లాంటివి ప్రయత్నించొచ్చు. పని ఒకటే, నమలడం ఒక్కటే అదనం.

నీళ్ల సంగతి తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రేసు రోజున ఉండే వాతావరణం లాంటి పొద్దున ఒకటి చూసుకుని గంటసేపు నీళ్లు తాగకుండా పరిగెత్తండి. ముందు, తర్వాత బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తర్వాత చూసేముందు చెమట తుడుచుకోవాలి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. పోయినదంతా తిరిగి తాగాలని కాదు. మీరు అరలీటరు మనిషో లీటరున్నర మనిషో తెలుస్తుంది, అంతే.

4. ముందు రోజు

గోళ్లు ముందు రోజు కత్తిరించుకోవద్దు. మూడు నాలుగు రోజుల ముందే అడ్డంగా, తిన్నగా తీసేయండి. పెరిగిన గోరు షూ ముందుభాగానికి తగిలి నల్లబడుతుంది. మరీ లోతుగా తీసిన గోరు పక్కనున్న చర్మాన్ని కోస్తుంది.

బిబ్‌ని రాత్రే టీషర్టుకి పెట్టేయండి. టీషర్టుని పరుపు మీద పరిచి పెట్టిన బిబ్ ఒంటి మీదికి వచ్చేసరికి వంకరపోతుంది. టీషర్టు వేసుకుని అద్దం ముందు నిలబడి, ముందువైపు పొట్టకి కాస్త పైన నాలుగు మూలలా పిన్ను పెట్టుకోండి. టైమింగ్ చిప్ చాలావరకు బిబ్ వెనకాలే అంటించి ఉంటుంది, దాన్ని మడవద్దు. బిబ్ వెనక మీ రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయండి. ఇంకొకరి బిబ్ వేసుకుని పరిగెత్తడం మాత్రం ఎప్పుడూ చేయకండి. దారిలో మీకేమైనా అయితే డాక్టర్ల చేతికి వచ్చేది వాళ్ల వివరాలు.

ముందు రోజు బిబ్‌లు ఇచ్చే ఎగ్జిబిషన్ హాల్లో నాలుగు గంటలు తిరగకండి. పీచు, మసాలా, నూనె తగ్గించి అలవాటైన తిండే తినండి, రాత్రి కాస్త పెందలాడే ముగించండి. నిద్ర పట్టకపోతే టెన్షన్ పడొద్దు. రేసు ముందు రాత్రి ఎవరికీ సరిగ్గా పట్టదు. అంతకు ముందు రెండు మూడు రాత్రులు బాగా పడుకుని ఉంటే చాలు.

5. ఆ రోజు పొద్దున

స్టార్ట్‌కి రెండున్నర, మూడు గంటల ముందు లేచి తేలిగ్గా అరిగేది ఏదైనా తినండి. లాంగ్ రన్ల రోజు ఏం తిన్నారో అదే. అరలీటరు దాకా నీళ్లు కాస్త కాస్తగా తాగి, చివరి గంటలో గొంతు తడుపుకోవడం తప్ప ఆపేయండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. నీళ్లలా తెల్లగా ఉంటే ఎక్కువైంది.

పెట్రోలియం జెల్లీ రాయాల్సిన చోట్లు: చంకలు, తొడల మధ్య, చనుమొనలు, కాలివేళ్ల సందులు, స్పోర్ట్స్ బ్రా పట్టీ ఒరుసుకునే చోటు. ఎందుకని అడిగేవాళ్లు రేసు అయ్యాక స్నానానికి వెళ్లినప్పుడు తెలుసుకుంటారు.

నొప్పి రాకుండా ముందుజాగ్రత్తగా ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకునే అలవాటు కొందరికి ఉంది. మానేయండి. ఒంట్లో నీరు తగ్గుతూ, ఒళ్లు వేడెక్కుతూ ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. మాత్ర వేసుకుంటే తప్ప పరిగెత్తలేననిపిస్తే ఆ రోజు పరిగెత్తకూడదనే అర్థం. గత వారంలో జ్వరం వచ్చి తగ్గినవాళ్లకూ ఇదే మాట.

షూ లేసులు కూర్చుని, మడమని వెనక్కి నొక్కిపెట్టి కట్టండి. పాదం పైభాగాన ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. పరిగెత్తేకొద్దీ పాదం ఉబ్బుతుంది. రెండు ముళ్లు వేసి మిగిలిన కొసల్ని లేసుల కిందికి దోపేయండి.

టాయిలెట్ లైన్లో ఇరవై నిమిషాలు పోతాయని ముందే అనుకుని బయల్దేరండి. వార్మప్ పెద్దగా అక్కర్లేదు. ఐదు నిమిషాల చురుకైన నడక, రెండు మూడు నిమిషాల మెల్లటి పరుగు చాలు. ఈ దూరానికి మొదటి కిలోమీటర్లే వార్మప్.

నిలబడే చోటు ముఖ్యం. మీ టార్గెట్ టైమ్ రాసి ఉన్న వరసలోనో, ఇంకాస్త వెనకాలో నిలబడండి. ముందుకి చొచ్చుకుపోతే లాభం లేదు. మీ చిప్ టైమ్ మీరు స్టార్ట్ లైన్ దాటినప్పుడే మొదలవుతుంది. పైగా ముందున్నవాళ్ల వేగం మిమ్మల్ని లాక్కుపోతుంది.

6. మొదటి 3 కిలోమీటర్లు: ఆగడం నేర్చుకునే చోటు

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి 3 కిలోమీటర్లు టార్గెట్ పేస్ కంటే కిలోమీటరుకు 10 సెకన్లు మెల్లగా పరిగెత్తండి.

6:24 పేస్ మనిషి లెక్క చూద్దాం. మొదటి 3 కిలోమీటర్లు 6:34లో. పోయింది మొత్తం 30 సెకన్లు. మధ్యలో 13 కిలోమీటర్లు సరిగ్గా 6:24లో. పదహారో కిలోమీటరు బోర్డు దగ్గర వాచీ 1:42:54 చూపిస్తుంది. మిగిలిన 5 కిలోమీటర్లలో కిలోమీటరుకు 6 సెకన్లు వేగం పెంచితే ఆ 30 సెకన్లు తిరిగొచ్చాయి. పెంచలేకపోతే 2:15:30 వస్తుంది, కొంపలేమీ మునగవు. అదే మొదటి 3 కిలోమీటర్లు 30 సెకన్లు వేగంగా వెళ్లినవాళ్లు చివర్లో నడకకి దిగితే ఒక్కో కిలోమీటరుకు రెండు మూడు నిమిషాలు పోతాయి.

ఇది మనలాంటివాళ్ల జాగ్రత్త మాత్రమే అనుకోకండి. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35తో పురుషుల మారథాన్ ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47.

కష్టం ఏమిటంటే, అప్పుడు 6:34 అనేది నడకలా అనిపిస్తుంది. రెండు వారాల విశ్రాంతి, రేసు ఉత్సాహం కలిసి కాళ్లు గాల్లో తేలుతుంటాయి. అందరూ దాటుకుంటూ పోతారు. మీకంటే పెద్దవాళ్లు, బరువైనవాళ్లు, ఫోన్లో వీడియో తీసుకుంటూ వెళ్లేవాళ్లు కూడా. పోనివ్వండి. వాళ్లలో చాలామందిని మీరు పద్నాలుగో కిలోమీటరు తర్వాత చూస్తారు.

సరిగ్గా వెళ్తున్నారో లేదో చూసుకోవడానికి పక్కవాళ్లతో మాట్లాడి చూడండి. రెండు పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా చెప్పగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఇంకా తగ్గించాలి.

పేసర్ (ఫలానా టైమ్‌కి చేరేలా, ఆ టైమ్ రాసిన జెండాతో పరిగెత్తే మనిషి) వెంట వెళ్లాలనుకుంటే, మీ లెక్కలో వచ్చిన టైమ్ కంటే వెనక జెండా పట్టుకోండి. 2:15 టార్గెట్‌కి 2:10 పేసర్ కాదు. పేసర్ లేకపోతే వాచీనే పేసర్.

7. 4 నుంచి 16 దాకా: విసుగొచ్చే భాగం

ఇక్కడ టార్గెట్ పేస్‌లోకి వచ్చి అందులోనే ఉండటమే పని. వాచీలో ఆ క్షణపు పేస్ చూడకండి. చెట్ల కిందా పెద్ద భవనాల పక్కనా అది ఇష్టమొచ్చినట్టు మారుతుంది. దాన్ని చూసి వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతే అలసటే మిగులుతుంది. ల్యాప్ పేస్ (ఆ కిలోమీటరు మొత్తానికి సగటు) పెట్టుకుని, కిలోమీటరు బోర్డు రాగానే చేత్తో ల్యాప్ బటన్ నొక్కండి.

చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. ఫినిష్ దాటాక వాచీ 21.3 అనో 21.4 అనో చూపిస్తుంది, వెంటనే "నిర్వాహకులు కొలత తప్పు పెట్టారు" అంటారు. సాధారణంగా తప్పు అక్కడ ఉండదు. అధికారికంగా కొలిచే రేసుల్లో దారిని, మలుపుల దగ్గర అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి గీత వెంబడి కొలుస్తారు. తక్కువ కాకుండా కిలోమీటరుకు మరో మీటరు కలుపుతారు. మనం జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల బల్లల వైపు వెళ్లొస్తూ, మలుపుల్ని వెడల్పుగా తిరుగుతాం. అందువల్ల వాచీలో కచ్చితంగా 6:24 చూపించినా 21.3 కిలోమీటర్లకు 2:16:19 అవుతుంది. 2:15 కావాలంటే వాచీ పేస్ 6:20 ఉండాలి. ఇది ముందే తెలిసి ఉంటే చివర్లో ఏడుపు ఉండదు. మలుపు కనిపించగానే పక్కవాళ్లకి అడ్డం పోకుండా లోపలి అంచుకి మెల్లగా జరుగుతూ ఉండండి.

నీళ్ల స్టాల్ వచ్చినప్పుడు మొదటి బల్ల దగ్గర ఆగకండి, అక్కడే తొక్కిసలాట. చివరి బల్లకి వెళ్లండి. పేపర్ కప్పు అంచుని రెండు వేళ్లతో నొక్కితే పక్షిముక్కులా సన్నటి మూతి వస్తుంది. దాన్ని నోటి మూలకి పెట్టుకుని రెండు మూడు గుక్కలు తాగండి. అలా కుదరకపోతే పది అడుగులు నడిచి తాగేయండి. దానివల్ల పోయేది నాలుగైదు సెకన్లు, ముక్కులోకి పోయి దగ్గుతూ నిలబడితే పోయేది అంతకంటే ఎక్కువ.

దాహానికి తగ్గట్టే తాగాలి. "దాహం వేసేలోపే తాగండి, ప్రతి స్టాల్‌లో రెండు కప్పులు" అనే పాత సలహా ఇంకా చలామణిలో ఉంది. అది ప్రమాదం, మరీ ఎక్కువ నీళ్లకి రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. ఎక్కువగా తాగి, రేసులో బరువు పెరిగినవాళ్లలోనే ఈ ముప్పు ఎక్కువ. నెమ్మదిగా, ఎక్కువసేపు పరిగెత్తేవాళ్లకి, అంటే మనలాంటివాళ్లకి, దారి పొడుగునా తాగే తీరిక ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కడుపులో నీళ్లు గలగలలాడుతుంటే తర్వాతి స్టాల్ వదిలేయండి. వేడిగా ఉంటే రెండో కప్పు నెత్తిన పోసుకోండి. షూస్‌లోకి మాత్రం కారకుండా ముందుకి వంగి పోసుకోవాలి. తడి సాక్స్ అంటే బొబ్బలే.

ఎత్తు వస్తే పేస్ సంగతి మరిచిపోయి ఊపిరిని పట్టుకోండి. ఊపిరి అదే లయలో ఉండేలా అడుగులు చిన్నవి చేయండి, కిలోమీటరుకి 20 సెకన్లు పోయినా ఫర్వాలేదు. దిగేటప్పుడు పెద్ద అంగలు వేయొద్దు. బ్రేకులు వేసినట్టు మడమలు బాదుకుంటూ దిగితే తొడ కండరాలు అక్కడే అయిపోతాయి.

డొక్కలో పట్టేస్తే వేగం తగ్గించి, పట్టిన చోట వేళ్లతో నొక్కుతూ, నోటితో పూర్తిగా ఊపిరి వదలండి. ఓ పది పదిహేనుసార్లు. సాధారణంగా సర్దుకుంటుంది.

8. 16 తర్వాత

రేసు ఇక్కడ మొదలవుతుంది. ఒక్కసారి ఒళ్లంతా గమనించుకోండి. భుజాలు చెవుల దాకా వచ్చేశాయా? దించండి. పిడికిళ్లు బిగుసుకున్నాయా? వదులు చేయండి. ఊపిరి బరువుగా ఉన్నా అదుపులోనే ఉంటే, కిలోమీటరుకి ఐదారు సెకన్లు పెంచండి. అంతకంటే ఒక్కసారిగా పెంచకండి. అసలు దౌడు 19 దాటాకే.

పెంచే ఓపిక లేకపోతే ఉన్న పేస్‌నే కాపాడుకోండి. అదీ కష్టమైతే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం చురుకైన నడక అని పద్ధతిగా విడగొట్టుకోండి. కాళ్లు ఆగినప్పుడల్లా నడిచేవాళ్ల కంటే, ముందే అనుకుని నడిచేవాళ్లు చాలా ముందు చేరతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వెంటనే ఆగిపోవాల్సినవి: ఛాతీలో నొప్పి లేదా బిగుతు, కళ్లు తిరగడం, తూలడం, మాట తడబడటం, ఎండలోనూ చలి పుట్టడం, ఒకే చోట గుచ్చినట్టు నొప్పి పుట్టి అడుగు తేడాగా పడటం. పక్కన ఎవరైనా తూలుతూ అర్థంలేని మాటలు మాట్లాడుతుంటే మీ టైమ్ పక్కన పెట్టి వాళ్లను నీడలోకి తీసుకెళ్లండి. మెడికల్ టీమ్‌ని కేకేయండి. ఒళ్లు కాలిపోతుంటే ఒంటి నిండా చల్లటి నీళ్లు పోయించండి. వడదెబ్బలో ఎంత తొందరగా చల్లబరిస్తే అంత మంచిది.

9. ఫినిష్ లైన్ దాటాక

దాటేముందు వాచీ ఆపడానికి తల వంచకండి. ఫొటోలన్నీ నడినెత్తితో వస్తాయి. దాటిన తర్వాత నొక్కండి, మీ అసలు టైమ్ చిప్ చెబుతుంది.

వెంటనే కూలబడొద్దు. పరిగెత్తేటప్పుడు కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. ఫినిష్ దగ్గర పడిపోయేవాళ్లలో చాలామంది పడేది ఇందుకే. పది పదిహేను నిమిషాలు నడవండి. తర్వాత తడి బట్టలు మార్చుకుని, గంటలోపు ఏదైనా తిని, నీళ్లు నిదానంగా తాగండి.

ఎలా జరిగిందో చూసుకోవడం

సాయంత్రం మెడల్ ఫొటోలు పెట్టేశాక, ల్యాప్ టైమ్‌లు ముందేసుకుని కూర్చోండి. మొదటి 5 కిలోమీటర్ల మొత్తాన్ని, 15 నుంచి 20 దాకా పట్టిన మొత్తాన్ని పక్కపక్కన రాయండి.

తేడా ఒక నిమిషం లోపు ఉంటే రేసు చక్కగా పరిగెత్తారు. రెండోదే తక్కువైతే ఇంకా మంచిది. రెండోది మొదటిదానికంటే నాలుగు నిమిషాలకు మించి తక్కువ ఉంటే మాత్రం టార్గెట్ మరీ భయపడి పెట్టుకున్నారు.

రెండోదానికి మూడు నిమిషాలకు పైగా ఎక్కువ పట్టిందా? అప్పుడు కారణం వెతకాలి. ఎనిమిదో కిలోమీటరుకే మాట్లాడలేనంత ఆయాసం వచ్చి ఉంటే మొదట్లో వేగం ఎక్కువైంది. ఊపిరి బాగానే ఉండి కాళ్లు మాత్రం చెక్కల్లా అయిపోతే లాంగ్ రన్లు చాలలేదు, తర్వాతిసారి 18 కిలోమీటర్ల దాకా వెళ్లండి. ఉన్నట్టుండి లోపల ఖాళీ అయినట్టు, తల తేలిపోయినట్టు, చిరాకు, ఆకలి కలిసి వస్తే జెల్ ఆలస్యమైంది. కడుపుబ్బరం, వికారం వస్తే నీళ్లో జెల్లో ఎక్కువైంది. మొదటినుంచీ గుండె దడదడలాడి, ఏ కిలోమీటరూ తేలిక అనిపించకపోతే ఆ రోజు వేడిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటికి వెళ్లగానే బరువు చూసుకోండి. పొద్దుటి కంటే ఒక కిలో, కిలోన్నర తగ్గడం మామూలే. పెరిగి ఉంటే దారిలో తాగింది ఎక్కువ. బరువు పెరగడంతో పాటు తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం, మందకొడిగా ఉండటం కనిపిస్తే ఇంకా నీళ్లు తాగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మరుసటి రోజు కంటే రెండో రోజు మెట్లు దిగడం ఎక్కువ కష్టంగా ఉంటుంది. రెండు తొడలూ సమానంగా పట్టేస్తే కంగారు అక్కర్లేదు, నాలుగైదు రోజుల్లో పోతుంది. ఒక కాలిలోనే, వేలితో చూపించగలిగేంత ఒకే చోట, నడిచినా నొక్కినా నొప్పి ఉంటే అది వేరే సంగతి. పరుగు ఆపి చూపించుకోండి, ముఖ్యంగా ఎముక మీద ఉంటే.

వారం రోజులు నడక, మెల్లటి సైక్లింగ్ చాలు. రెండో వారం నుంచి తేలికపాటి పరుగు. ఈలోపు స్నేహితులు వచ్చే నెల రేసు లింకు పంపిస్తారు. ఆ రెండు వారాలు పూర్తయ్యేదాకా దానికి డబ్బు కట్టకండి. వచ్చిన టైమ్‌ని మాత్రం నిమిషాల్లోకి మార్చి 2.2తో భాగించి రాసిపెట్టుకోండి. 2:11 వచ్చి ఉంటే 131ని భాగిస్తే సుమారు 59న్నర నిమిషాలు. తర్వాతి రేసుకి మొదటి స్టెప్పులో వేసుకోవాల్సిన 10 కిలోమీటర్ల టైమ్ అదే.